ముందు ఫొటో... ఆ తర్వాతే మందు!

 వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండి అన్నప్పుడు "కష్టపడి చదవండి, పైకి రండి" అని రాయడం సులభం. ఆ మాట మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. అందుకని మేము మాకు తెలిసిన ఒక చిన్న పని గురించి రాస్తున్నాము. అది పురుగులను ఫొటో తీసి వాటి పేరు కనుక్కోవడం. నవ్వకండి. ఈ పని రాకపోవడం వల్ల మా ఇళ్లలో డబ్బు పోయింది. వచ్చాక కొంత నిలిచింది.

మేము అంటే ముగ్గురం. ఒకరిది హిందూపురం దగ్గర పల్లె. ఇంట్లో వాళ్లు మల్బరీ తోటల్లో కూలికి వెళ్తారు. ఒకరిది పెనుకొండ కొండ కింద ఊరు. వానను నమ్ముకున్న మూడెకరాల శనక్కాయ చేను ఉంది. ఇంకొకరిది ధర్మవరం, ఇంట్లో మగ్గం. ముగ్గురమూ హాస్టల్లోనే కలిశాము. మా మూడు ఇళ్లలోనూ డిగ్రీ పూర్తి చేసిన మొదటివాళ్లం మేమే. ఇప్పుడు పీజీ చదువుతున్నాము. మాలో ఎవరూ కీటక శాస్త్రం చదవలేదు. సరదా కొద్దీ మొదలుపెట్టి, అవసరం కొద్దీ నేర్చుకున్నవాళ్లం మాత్రమే.

మా మొదటి పురుగు

హాస్టల్లో చదివిన ఎవరికైనా మొదట పరిచయమయ్యే పురుగు ఏది? దోమ, నల్లి, ఆ తర్వాత పళ్లెంలో కనిపించే నల్ల పురుగు. దాన్ని వేలితో పక్కకు తోసి అన్నం తిన్నవాళ్లమే మనమందరమూ. బియ్యం ఎన్నిసార్లు కడిగినా అది ఎక్కడినుంచి వస్తుందో మాకు అర్థమయ్యేది కాదు. "వంటమ్మ సరిగా కడగలేదు" అని ఆమెను తిట్టుకునేవాళ్లం.

చాలా ఏళ్ల తర్వాత ఒక సెలవుల్లో, ఇంట్లోని బియ్యం డబ్బాలో అదే పురుగు కనిపిస్తే తెల్ల కాగితం మీద వేసి ఫోన్‌తో ఫొటో తీశాము. పెద్దది చేసి చూస్తే ఆశ్చర్యం వేసింది. దాని మూతి ఏనుగు తొండంలాగా ముందుకు సాగి ఉంది. వీపు మీద నాలుగు లేత ఎర్ర మచ్చలున్నాయి. అది బియ్యపు ముక్కు పురుగు. శాస్త్రీయ నామం సైటోఫిలస్ ఒరైజే.

పేరు తెలిశాక మిగతా సంగతి తెలుసుకోవడం కష్టం కాలేదు. ఆడ పురుగు ఆ ముక్కుతో గింజకు రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పిల్ల పురుగు గింజ లోపలే పుట్టి, లోపలే తిని, వేడి కాలమైతే నెల రోజుల్లో పెద్ద పురుగై బయటికి వస్తుంది. అంటే కడిగినప్పుడు పోయేది పైనున్న పురుగు మాత్రమే. లోపలున్నది కడిగితే పోదు. తప్పు వంటమ్మ చేతిలో లేదు. బియ్యం ఎన్నాళ్లు, ఎలాంటి చోట నిల్వ ఉన్నాయన్న దానిలో ఉంది. ఆరబెట్టిన గింజను తేమ తగలని డబ్బాలో గట్టిగా మూసి ఉంచడం, పాతవి ముందు వాడడం, కొత్త బస్తాను పాత బస్తాకు ఆనించకపోవడం దీనికి మందు. ఇన్నేళ్లూ ఒక మనిషిని ఉత్త పుణ్యానికి తిట్టుకున్నామని మాకు సిగ్గు వేసింది.

నాయన చేను

పెనుకొండ దగ్గరి చేను గురించి చెప్పాము కదా. ఆ నాయనను మేము ముగ్గురమూ నాయనా అనే పిలుస్తాము. ఒక ఏడాది శనక్కాయలో అంతరపంటగా వేసిన అలసంద తీగల కొసలన్నీ నల్లగా పేనుబంకతో నిండిపోయాయి. ఆకులు జిగటగా ఉన్నాయి. ఆ నల్లటి గుంపుల మధ్య మొసలి ఆకారంలో, నల్లటి ఒంటి మీద పసుపు, నారింజ మచ్చలతో చిన్న చిన్న పురుగులు తిరుగుతున్నాయి.

"చూడండ్రా, ఈ మచ్చల పురుగులే చేనంతా తింటాండాయి" అన్నాడు నాయన. మేమూ అవునన్నాము. చదువుకున్నవాళ్లం మేమే అవునన్నాక ఆయనకు అనుమానం ఎందుకుంటుంది? అప్పుగా మందు తెచ్చి కొట్టాడు. రెండో రోజుకు పేనుబంక రాలిపోయింది, మచ్చల పురుగులూ రాలిపోయాయి. పన్నెండు రోజులకు పేనుబంక మళ్లీ వచ్చింది, మొదటిసారి కంటే ఎక్కువగా. రెండోసారి మందుకు మళ్లీ అప్పు.

అప్పుడు తీసిన ఒక మసక ఫొటో మా ఫోన్‌లో ఉండిపోయింది. దాన్ని తర్వాత తెలిసినవారికి చూపిస్తే వాళ్లు ఒక్క చూపులో చెప్పారు. ఆ మచ్చల పురుగు అక్షింతల పురుగు పిల్ల! ఎర్రగా, నున్నగా, నల్ల గీతలతో కనిపించే అక్షింతల పురుగు మనందరికీ తెలుసు. దాని పిల్ల మాత్రం తల్లి పోలికల్లో అస్సలు ఉండదు. ఆ పిల్ల తినేది ఆకును కాదు, పేనుబంకను. పెద్దదయ్యేలోగా వందల పేలను తింటుంది.

ఇక పేనుబంక ఎందుకు అంత త్వరగా తిరిగి వచ్చిందంటే, దానికి మగ పురుగుతో పనిలేదు. ఆడ పేను నేరుగా పిల్లలనే పెడుతుంది. ఆ పిల్లలు వారం పది రోజుల్లో తల్లులవుతాయి. మందుకు తప్పించుకున్న కొద్దిపాటి పేలకు, తినేవాడు లేని చేను దొరికింది. అంటే మేము డబ్బు పెట్టి దొంగను, కాపలావాణ్ణి కలిపి చంపాము. తర్వాత దొంగ తిరిగి వచ్చాడు, కాపలావాడు రాలేదు.

అమ్మ వంకాయ మడి

ఇంతటితో మాకు బుద్ధి వచ్చిందని అనుకోకండి. కొత్తగా నేర్చుకున్న విద్య కదా, ఊరంతా చెప్పుకుంటూ తిరిగాము. తర్వాతి సంవత్సరం ధర్మవరంలో మా మిత్రుని ఇంటి వెనక అమ్మ వేసుకున్న వంకాయ మొక్కల మీద మచ్చల అక్షింతల పురుగులు కనిపించాయి. అమ్మ వాటిని ఏరి కిరసనాయిలు నీళ్లలో వేయబోయింది. "అమ్మా, వద్దు! అవి మన మిత్రులు" అని ఆపాము. చదువుకున్న బిడ్డల మాట అని అమ్మ వదిలేసింది. పది రోజులకు వంకాయ ఆకులు జల్లెడలాగా ఈనెలు మాత్రమే మిగిలాయి.

అవి కూడా అక్షింతల పురుగులే. అయితే వేరే జాతి. వాటి వీపు మీద ఇరవై ఎనిమిది మచ్చలు దాకా ఉంటాయి. ఒళ్లు నున్నగా మెరవదు, సన్నటి నూగుతో మసకగా ఉంటుంది. పిల్ల పురుగు పసుపు రంగులో ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. ఇవి తినేది వంకాయ, బంగాళదుంప, టమాటా జాతి ఆకులనే. అమ్మ మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

మొదటిసారి మిత్రుణ్ణి శత్రువనుకున్నాము. రెండోసారి శత్రువును మిత్రుడనుకున్నాము. రెండుసార్లూ తప్పు ఒకటే. పోలిక చూసి పేరు పెట్టేశాము. కాళ్లు, మచ్చలు, నూగు, తింటున్నది ఏమిటి అని చూడలేదు.

మన జిల్లా నేర్చుకున్న పాఠం

ఇలాంటి పొరపాటు మాలాంటి పిల్లలకే కాదు, ఒక జిల్లాకే జరగవచ్చు. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో అప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లాలో శనక్కాయ పంట ఉన్నట్టుండి మాడిపోయింది. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంట దెబ్బతిన్నదని, నష్టం 300 కోట్ల రూపాయలకు పైనేనని అంచనా వేశారు. మన పెద్దలను అడిగితే ఆ సంవత్సరం గురించి ఇప్పటికీ చెబుతారు.

మొదట దాన్ని అంతకుముందునుంచీ తెలిసిన మొవ్వుకుళ్లు తెగులేమో అనుకున్నారు. లక్షణాలు దగ్గరగా ఉండడమే దానికి కారణం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించాక అది వేరని, టొబాకో స్ట్రీక్ వైరస్ వల్ల వచ్చే కాండం మాడు తెగులని తేలింది. ఆ వైరస్ ఎక్కడ దాక్కుంది? రోడ్డు పక్కన, గట్ల మీద తెల్ల పూలతో పెరిగే వయ్యారిభామ కలుపు మొక్కలో. ఆ మొక్కలో జబ్బు లక్షణాలేవీ కనిపించవు కానీ దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. ఆ పుప్పొడి గాలికి, తామర పురుగుల ఒంటికి అంటుకుని శనక్కాయ ఆకుల మీద పడుతుంది. తామర పురుగు ఆకును గీకినప్పుడు పడే గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. ఆ పురుగు పొడవు ఒకటి, రెండు మిల్లీమీటర్లు మాత్రమే!

అసలు పేరు తెలిశాకే సరైన ఉపాయాలు దొరికాయి. పూత రాకముందే వయ్యారిభామను పీకేయడం, చేను చుట్టూ జొన్న సాళ్లు వేసి పుప్పొడినీ పురుగులనూ అడ్డుకోవడం, విత్తన శుద్ధి చేయడం. వీటిలో మొదటి రెండింటికీ పెద్ద ఖర్చు లేదు. పేరు తెలియకుండా కొట్టే మందు చీకట్లో విసిరే రాయి వంటిదని దీనివల్ల అర్థమవుతుంది.

ఫొటో ఎలా తీయాలి?

పెద్ద కెమెరా అక్కర్లేదు. మేము వాడేది ఇంట్లో అందరూ వాడుకునే మామూలు ఫోన్. దానికి తగిలించే చిన్న క్లిప్ లెన్సు ఒకటి ముగ్గురం చందా వేసుకుని కొన్నాము. అది లేకపోయినా పని జరుగుతుంది. మా అనుభవంలో తెలిసినవి ఇవి.

1. పొద్దున్నే వెళ్లాలి. పురుగుల ఒంటికి సొంత వేడి తక్కువ. ఎండ పడేదాకా అవి మందంగా, కదలకుండా ఉంటాయి. పదిగంటలు దాటితే మీరు చేరేలోగా ఎగిరిపోతాయి.

2. మీ నీడ పురుగు మీద పడనివ్వకండి. నీడ పడితే పక్షి వచ్చిందనుకుంటుంది. నెమ్మదిగా కూర్చుని, పురుగు ఎత్తుకు ఫోన్ దించి తీయాలి.

3. ఫోన్‌ను పురుగు మూతికి ఆనించకండి. మరీ దగ్గరైతే మసక వస్తుంది. జానెడు దూరంలో ఉండి, రెండింతలు జూమ్ చేసి, తెర మీద పురుగు కన్ను దగ్గర వేలితో తాకండి. అప్పుడు అక్కడ స్పష్టంగా వస్తుంది.

4. ఒక్క ఫొటో చాలదు. నాలుగు కావాలి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖం ఒకటి, అది కూర్చున్న మొక్క మొత్తం ఒకటి. చాలాసార్లు మొక్క పేరే పురుగు పేరుకు తాళంచెవి.

5. కొలత కోసం పక్కన స్కేలు గాని, అగ్గిపుల్ల గాని పెట్టి ఒక ఫొటో తీయండి. ఫోన్‌లో చీమ కూడా ఏనుగులాగా కనిపిస్తుంది.

6. గాలి ఉంటే ఎడమ చేత్తో కొమ్మను పట్టుకోండి. ఎండ మరీ ఎక్కువైతే ఒక తెల్ల కాగితం పట్టుకుని వెలుతురు మెత్తగా పడేలా చేయండి.

7. తేదీ, ఊరు, సమయం, పురుగు ఏం చేస్తున్నదీ ఆ రోజే నోటుపుస్తకంలో రాయండి. రేపు రాద్దామంటే మరిచిపోతారు. మేము అలా చాలా పోగొట్టుకున్నాము.

హాస్టల్లో సెల్‌ఫోన్ ఉండదు కదా అని మీరు అడుగుతారు. నిజమే. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఫోన్ వాడండి. మిగతా రోజుల్లో పెన్సిల్ వాడండి. నిజం చెప్పాలంటే పెన్సిలే మంచి గురువు. ఫోన్ అయితే మనం చూడకపోయినా తీసేస్తుంది. బొమ్మ గీయాలంటే ప్రతి కాలునూ చూడాలి. వాన పడ్డ రాత్రి వరండాలోని ట్యూబులైటు కింద నిలబడితే చాలు, పది రకాల పురుగులు మీ దగ్గరికే వస్తాయి.

గుర్తుపట్టడం ఎలా?

ముందుగా కాళ్లు లెక్కపెట్టండి. ఆరు ఉంటే కీటకం. ఎనిమిది ఉంటే సాలీడు, తేలు, లేదా వాటి బంధువు. ఆరుద్ర కార్తెలో తొలి వానలకు ఎర్ర మఖమల్ గుడ్డలాగా నేల మీద పాకే ఆరుద్ర పురుగును చిన్నప్పుడు అందరం అరచేతిలో పెట్టుకున్నవాళ్లమే. దాని కాళ్లు ఎనిమిది. అందువల్ల అది కీటకం కాదు, సాలీళ్ల వర్గానికి చెందిన జీవి.

రెండోది రెక్కలు. గట్టి పెంకులాంటి పై రెక్కలుంటే పెంకు పురుగుల వర్గం. పొడి అంటుకునే రెక్కలైతే సీతాకోకచిలుక గాని, రాత్రి తిరిగే రెక్కల పురుగు గాని అయి ఉంటుంది. మీసాల చివర గుండుసూది తలలాగా ఉబ్బి ఉంటే సాధారణంగా సీతాకోకచిలుక. రెండే రెక్కలుంటే ఈగలు, దోమల వర్గం. తేనెటీగకు నాలుగు రెక్కలు. పసుపు, నలుపు పట్టీలతో తేనెటీగలాగే కనిపిస్తూ, పువ్వు ముందు గాలిలో ఒకేచోట నిలిచి, రెండే రెక్కలు ఉన్నదైతే అది ఈగ! అది కుట్టదు. వాటిలో చాలా రకాల పిల్లలు పేనుబంకను తింటాయి కూడా.

మూడోది నోరు. సూదిలాంటి గొట్టంతో పీల్చేదా, కొరికి తినేదా చూడాలి. ఆకుకు రంధ్రం పడితే కొరికే పురుగు, ఆకు ముడుచుకుని పాలిపోతే పీల్చే పురుగు అయి ఉండవచ్చు.

నాలుగోది పేరు. మా ముగ్గురిలోనే ఒకరి ఊళ్లో గొల్లభామ అంటే చేతులు జోడించినట్టు కూర్చునే ఆకుపచ్చ పురుగు, ఇంకొకరి ఊళ్లో మిడత. హిందూపురం వైపు కన్నడ పేర్లూ కలుస్తాయి. ఈ గందరగోళం ప్రపంచమంతా ఉంది. అందుకే స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో జంతువులన్నింటికీ రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని అమలు చేశాడు. మన పట్టుపురుగు బాంబిక్స్ మోరి అనే పేరు ఆ సంవత్సరం నుంచి ఉన్నదే. ఊరి పేరును వదలకండి, దాని పక్కన శాస్త్రీయ నామం రాయండి.

ఈ రోజుల్లో ఫొటో పెడితే ఫోనే పేరు చెబుతుంది. దాన్ని సూచనగా తీసుకోండి, తీర్పుగా కాదు. ఫోన్ కూడా మాలాగే పోలిక చూసి చెబుతుంది.

మూడు ఊళ్లు, మూడు పురుగులు

హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు ఉంది. పక్కనే కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది. పట్టుపురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. దాన్ని మనవైపు జ్వరం అంటారు. పట్టుపురుగుల ఇంట్లో అందరూ భయపడేది ఊజీ ఈగకు. 1980లో ఇది కర్ణాటకలోకి వచ్చింది, అక్కడినుంచి మనకూ. మామూలు ఈగకన్నా కొంచెం పెద్దది, వీపు ముందు భాగం మీద నిలువుగా నాలుగు నల్ల చారలు. అది పట్టుపురుగు ఒంటి మీద గుండుసూది తలంత తెల్లటి గుడ్డు పెడుతుంది. గుడ్డు పగిలి పిల్ల లోపలికి దూరిన చోట నల్ల మచ్చ పడుతుంది. ఆ పురుగు గూడు కట్టకుండానే చస్తుంది, లేదా కట్టిన గూటికి రంధ్రం పడి ధర పోతుంది. మా ఇంటివాళ్లు ఆ నల్ల మచ్చను "ఏదో దెబ్బ తగిలింది" అనుకునేవారు. ఫొటో పెద్దది చేసి పక్కనున్న గుడ్డు పెంకును చూపించాకే నమ్మారు. కిటికీలకు వల కట్టడం ఒక ఉపాయం. ఇంకో ఉపాయం ఒక చిన్న కందిరీగ జాతి. నెసోలింక్స్ థైమస్ అనే ఈ సన్నటి పురుగు ఊజీ ప్యూపాలో గుడ్లు పెట్టి దాన్ని చంపుతుంది. పట్టు రైతుల కోసం దీన్ని పెంచి ఇస్తారు. పురుగుకు పురుగే మందు!

పెనుకొండ కొండ చుట్టూ జిల్లేడు చెట్లకు కొదవ లేదు. వాటి ఆకులను తెలుపు, నలుపు, పసుపు పట్టీల గొంగళి పురుగు తింటుంది. అదే నారింజ రంగు సీతాకోకచిలుక అవుతుంది. దాన్ని ప్లెయిన్ టైగర్ అంటారు. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో నిలిచి ఉంటుంది. ఒకసారి తిన్న పక్షి మళ్లీ ముట్టదు. ఈ సంగతి తెలిసినట్టుగా వేరే సీతాకోకచిలుక ఒకటి అదే వేషం వేసుకుంది. డానాయిడ్ ఎగ్‌ఫ్లై జాతిలో ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్‌లాగే ఉంటుంది. దానిలో ఆ విషం లేదు, వేషం మాత్రమే. మేము చాలా రోజులు రెండింటినీ ఒకటే అనుకుని రాసుకున్నాము. తేడా కింది రెక్కలో ఉంది. ప్లెయిన్ టైగర్‌కు కింది రెక్క మధ్యలో మూడు నల్ల చుక్కలు, మగదానికైతే నాలుగు. వేషగత్తెకు అంచు దగ్గర ఒక్కటే. ఒక్క చుక్క చూడనందుకు మా పుస్తకంలో ఎన్నో పేర్లు తప్పయ్యాయి. అన్నీ కొట్టేసి మళ్లీ రాశాము.

ధర్మవరం చెరువు కట్ట మీద వానల తర్వాత సాయంత్రం నిలబడండి. పసుపు, బంగారు రంగు తూనీగలు గుంపులుగా తిరుగుతుంటాయి. వాటిలో ఎక్కువ కనిపించేది పాంటాలా ఫ్లేవసెన్స్. వాన నీటి గుంటల్లో త్వరత్వరగా పెరిగి ఎగిరిపోతుంది. ఈ జాతి తూనీగలు మన దేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికాకు వెళ్తాయని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో ప్రతిపాదించాడు. బడి పిల్లలు తోకకు దారం కట్టి ఆడుకునే తూనీగ సముద్రం దాటే ప్రయాణికుడు! ఈ మాట చదివాక మా వీధిలో పిల్లలు దారం కట్టడం మానేశారు.

నమ్మకమా, పరిశీలనా?

మన పెద్దలు భ్రమర కీటక న్యాయం అని ఒకటి చెబుతారు. కందిరీగ ఒక పురుగును తెచ్చి మట్టి గూట్లో పెట్టి, చుట్టూ ఝుమ్మని తిరుగుతుంటే, ఆ పురుగు దాన్నే తలుచుకుంటూ చివరికి కందిరీగ అయిపోతుందని. ఉపమానంగా అది గొప్పది. గురువును తలిచిన శిష్యుడు గురువంతటివాడు కావాలని దాని భావం. అయితే గూట్లో జరిగేది వేరు. మన హాస్టల్ కిటికీ మూలల్లో ఉండే మట్టి గూళ్లను గమనించండి. తల్లి కందిరీగ గొంగళి పురుగును కుట్టి, చంపకుండా కదలలేనట్టు చేసి, గూట్లో పెట్టి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. పిల్ల ఆ పురుగును తిని పెరిగి కందిరీగగా బయటికి వస్తుంది. వెళ్లిన పురుగు వేరు, వచ్చిన కందిరీగ వేరు.

వేటాడే కందిరీగలను ఏళ్ల తరబడి ఓపికగా చూసి రాసినవాడు ఫ్రాన్సు దేశపు జాన్ హెన్రీ ఫాబ్ర్. 1823లో పేద కుటుంబంలో పుట్టి, బడి పంతులుగా పనిచేశాడు. మన దేశంలో గోపాలచంద్ర భట్టాచార్య ఉన్నాడు. 1895లో బెంగాల్లో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. డబ్బు లేక కళాశాల చదువు పూర్తి చేయలేకపోయాడు. అయినా చీమలను, సాలీళ్లను చూసి, ఫొటోలు తీసి, పరిశోధనలు రాశాడు. ఆయన రాసిన బెంగాల్ కీటకాల పుస్తకానికి 1975లో రవీంద్ర పురస్కారం వచ్చింది. 1981లో కలకత్తా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. డిగ్రీ లేనివాడు చూసినదాన్ని డిగ్రీలున్నవాళ్లు చదువుకున్నారు.

కొన్ని జాగ్రత్తలు

వెంట్రుకల గొంగళి పురుగులను చేత్తో ముట్టకండి, దద్దుర్లు వస్తాయి. కంది, అలసంద పూల మీద నలుపు, ఎరుపు పట్టీలతో కనిపించే పెంకు పురుగును నలిపితే చర్మం బొబ్బలెక్కుతుంది. తేనెతుట్టె దగ్గరికి పోవద్దు. పొదల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించండి, పాములుంటాయి. వేరేవారి చేలోకి వెళ్లేముందు అడగండి. ఫొటో కోసం పురుగును చంపకండి, సూదితో గుచ్చకండి. పేరు తెలియకపోతే "తెలియదు" అని రాసుకోండి. అది తప్పు కాదు. తప్పు పేరు రాయడమే తప్పు.

చివరిగా

పోయిన ఏడాది అలసందలో మళ్లీ పేనుబంక వచ్చింది. ఈసారి నాయన మందు అంగడికి పోలేదు. మాకు ఫోన్ చేశాడు. "ఒరే, మచ్చలోళ్లు వచ్చినారు. ఫొటో పంపిస్తా, వాళ్లేనా చూడండి" అన్నాడు. వాళ్లే! వంకాయ తినేవి కావు, పేనును తినేవే. ఒక వారం ఆగుదామనుకున్నాము. వారం రోజులూ మాకు నిద్ర పట్టలేదు. మళ్లీ తప్పు చెప్పామేమో, మళ్లీ ఆయనకు నష్టం చేశామేమో అని. ఎనిమిదో రోజు వచ్చిన ఫొటోలో తీగ కొసలు పచ్చగా ఉన్నాయి. ఆ ఏడు ఆ చేలో ఒక్క మందు ఖర్చు తప్పింది. ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని చెప్పము. కొన్నిసార్లు మందు కొట్టక తప్పదు. కానీ ఎవరి మీద కొడుతున్నామో తెలిసి కొట్టాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన ఇళ్లలో పొలం పనో, కూలి పనో, మగ్గమో ఉంది. మన చదువు ఎప్పుడో ఉద్యోగం వచ్చాక మాత్రమే ఇంటికి పనికిరావాలని లేదు. ఈ సెలవుల్లోనే పనికిరావచ్చు. ఒక్కొక్కరు మీ ఇంటి చుట్టూ కనిపించే పది పురుగులను ఎంచుకోండి. ఫొటోనో, బొమ్మో తీసి, తేదీ, ఊరు, మొక్క, అది చేస్తున్న పని రాసుకుని రండి. పేర్లు కలిసి కనుక్కుందాం. తెలియనివి తెలియవని గోడ పత్రికలో పెడదాం. వచ్చే వార్షికోత్సవానికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పురుగుల పుస్తకం ఒకటి మన చేతిరాతలోనే తయారు కావాలని మా కోరిక. మొదటి పేజీలో మెస్సు బియ్యపు ముక్కు పురుగునే పెడదాం. మనకు మొదటి పాఠం చెప్పింది అదే కదా!